ధాపా గట్టున వసంతము

కోల్‌కతా నగరమునకు పడమట హుగ్లీ నది ప్రవహించుచున్నది. అయినను నగరము నిలిచిన నేల నదివైపు వాలి యుండలేదు. తూర్పునకు వాలి యున్నది. అందుచేత లక్షలకొలది గృహముల వంటయిండ్లనుండియు, స్నానపు గదులనుండియు, మరుగుదొడ్లనుండియు వెలువడు మురుగులో అధికభాగము నదిలో బడక, తూర్పుదిక్కున నున్న పల్లపు భూములకు జేరును. ఆ పల్లపు భూములలో చేపల చెరువులును, కూరగాయల మళ్ళును, వరిచేలును కలవు. వానిని నమ్ముకొని వేలకొలది కుటుంబములు జీవించుచున్నవి.

నగరవాసికి వసంతము కోకిల కూతతో వచ్చును. ధాపా గట్లమీద నుండువారికి మురుగుకాలువ తలుపులు తెరచుటతో వచ్చును. అచ్చట చేపల చెరువును ‘భేరీ’ యందురు. చలికాలమున భేరీలోని నీటిని తోడివేసి, అడుగు నేలను ఎండనిత్తురు. పేరుకొనిన ఒండ్రును ఎత్తి గట్లకు వేయుదురు. ఎండ ముదురనారంభింపగనే, అనగా మాఘము వెళ్ళి ఫాల్గుణము ప్రవేశించు దినములలో, కాలువ నీటిని చెరువులలోనికి విడుతురు. మొదట ఆ నీరు నల్లగా నుండును, వాసన కొట్టును. దానిని రెండు మూడు వారములు కదలక నిలువనిత్తురు. ఆ తరువాత క్రమముగా పచ్చబడును. పచ్చబడిన పిమ్మటనే చేపపిల్లలను విడుచుట ఆచారము.

ఇట్టి గట్టుమీద క్రొత్తగా సేద్యమునకు దిగిన యొక కుటుంబమును పాఠకులు మనస్సున నుంచుకొనవచ్చును. ఇది ఏ యొక్కరి చరిత్రయు కాదు. అచ్చటి పెక్కు కుటుంబముల బ్రతుకునుండి కూర్చిన ఉదాహరణము. యజమాని పదునైదేండ్లుగా ఇతరుల భేరీలలో వల లాగిన కూలి. భార్య నగరములో రెండిండ్ల పాచిపని చేయుచుండెడిది. ఇంట అతని తల్లియు, తొమ్మిదేండ్ల కూతురును, రెండేండ్లు దాటిన కొడుకును కలరు. గత శీతకాలమున వారు ఒక బిఘా నేలను, దానిని ఆనుకొనియున్న జలపు పట్టెలో సగమును పాలునకు దీసికొనిరి. వంగదేశపు బిఘాలు మూడయిన మన ఎకరమునకు ఇంచుమించు సరిపోవును. అనగా వారి వ్యవసాయమంతయు ముప్పదిమూడు సెంట్లు. ఆ నేల సామాన్యమైన నేల కాదు; నగరపు చెత్త ఏండ్ల తరబడి కుళ్ళి మట్టియైన దిబ్బ. దిబ్బకును దిబ్బకును నడుమ పొడుగుగా సాగియుండు నీటి పట్టెను ‘ఝీల్’ అందురు. దానిలోని మురుగునీటినే బాల్చీలతో ముంచి మళ్ళకు పోయుదురు. ఎరువు కొనవలసిన పని యంతగా లేదు.

ఆ వసంతమున వారి మడిలో నున్నవి వంగ, తోటకూర, పాలకూర, దోస. దోస యనగా పప్పులో వేయు మన పండుదోస కాదు; పచ్చిగా దినెడి కీరదోస. ఈ వ్యత్యాసము ముందు చెప్పబోవు విషయమునకు ముఖ్యమైనది.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది కాదు. నాటి కలకత్తాకు భూగర్భ మురుగు కాలువలు విలియం క్లార్కు అను ఇంజినీరు పథకము ననుసరించి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నిర్మింపబడెను. 1879-80 ప్రాంతమున ధాపాలో ఒక చదరపు మైలు భూమి భవనాథ సేన్ అను నతనికి కౌలున కీయబడగా, చెత్తమీద కూరగాయల సేద్యము ప్రారంభమాయెను. తూర్పున ప్రవహించుచుండిన విద్యాధరి నది క్రమముగా పూడిపోయి, 1928లో మృతనదిగా ప్రకటింపబడెను. ఉప్పునీటి చేపలు పోయినవి. బెస్తల జీవనము ప్రశ్నార్థకమాయెను. అపుడే కొందరు మురుగునీటిలో మంచినీటి చేపలను పెంచి చూచిరి. అవి చావలేదు సరిగదా, త్వరగా బలిసినవి.

ఎందులకు బలిసినవో శాస్త్రజ్ఞులు తరువాత వివరించిరి. ఈ చెరువుల లోతు మూడు మొదలు అయిదడుగులు మాత్రమే. అందుచే ఎండ అడుగువరకు దిగును. మురుగులోని కుళ్ళు పదార్థమును సూక్ష్మజీవులు విడదీయును. విడివడిన పోషక ద్రవ్యములను పుచ్చుకొని నాచు జాతి జీవులు పెరుగును. అవి పగటివేళ నీటిలోనికి ప్రాణవాయువును విడుచును. వాని నాహారముగా గొని బొచ్చె, రోహు మున్నగు చేపలు పెరుగును. తీవ్రమైన యెండవలనను, పగటివేళ నీటియందు పెరుగు క్షారగుణమువలనను రోగక్రిములలో అధికభాగము నశించును. ఇతర నగరములు యంత్రములతోను విద్యుచ్ఛక్తితోను జేయు పనిలో చాలభాగము ఇచ్చట సూర్యుడును చేపలును కూలివాండ్రును చేయుచున్నారు. 1980 తరువాతి సంవత్సరములలో ఈ సంగతిని ప్రపంచమునకు దెలియజెప్పినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అను ప్రభుత్వ ఇంజినీరు. ఆయన 2018లో మరణించెను. విశేషమేమనగా, ఆయన ఈ విద్యను గ్రంథములనుండి గాక, గట్లమీది మత్స్యకారులనుండియే నేర్చుకొంటినని చెప్పుచుండెడివాడు.

2002 ఆగస్టు 19వ తేదీన ఈ పన్నెండువేల అయిదువందల హెక్టారుల ప్రదేశము రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడెను. అదే దినమున మన కొల్లేరును ఆ జాబితాలో చేరినది. ఆంధ్రదేశపు చెరువుల చేపలు మంచుపెట్టెలలో హౌరా సంతకు బోవు సంగతి తెలుగు పాఠకులకు విదితమే; ధాపా చేపలు మాత్రము బ్రదికియుండగనే, తెల్లవారకమునుపే నగరము జేరును. రక్షణ యెంతగా నున్నను నగరపు ఆకలి నేలమీద తగ్గలేదు. 1962 నుండి పూడ్చిన ఉప్పుచెరువులమీదనే నేటి సాల్ట్ లేక్ ఉపనగరము వెలసినది. మిగిలినదానిని కాపాడుటకై 1992లో కలకత్తా హైకోర్టు ఆజ్ఞ యిచ్చెను. 2006లో ప్రత్యేక చట్టము వచ్చెను. పాలునకు దున్నువానికి మాత్రము చేతిలో కాగిత ముండదు. గట్టుమీద క్రొత్త మోటారుకారు ఆగినపుడెల్ల యజమాని పార ఆపి, అది కదలిపోవువరకు చూచుచుండును.

ఫాల్గుణమున ఆ యింట మొదట వచ్చినది జ్వరము. కూతురు బడినుండి వచ్చి పండుకొనెను. మరునాటికి వీపునను, పొట్టను నీటిపొక్కులు లేచెను. నాయనమ్మ చూడగనే చేతులు జోడించెను. వంగభాషలో ‘బసంత’ యను పదమునకు వసంత ఋతువనియు, పొక్కుల వ్యాధి యనియు రెండర్థములు కలవు. ఋతువునకును రోగమునకును ఒకే పేరు వచ్చుటలోనే ఆ దేశపు పూర్వచరిత్ర యిమిడియున్నది. మశూచి ‘గుటి బసంత’. ఆటలమ్మ ‘జల బసంత’. రెంటికిని శీతలాదేవియే అధిదేవత. గాడిద వాహనము, చేతిలో చీపురు, కుండ. మన యూళ్ళలో పోచమ్మకు, నూకాలమ్మకు మ్రొక్కినట్లే అచ్చట శీతలకు మ్రొక్కుదురు. 1767లో హోల్వెల్ అను ఆంగ్లేయుడు వ్రాసిన వృత్తాంతమునుబట్టి, వంగదేశమున మశూచి రసమునే చర్మమున నెక్కించు పాతకాలపు టీకాలవాండ్రు ఫిబ్రవరి, మార్చి మాసములలో, అనగా రోగము చెలరేగుటకు ముందుగా, గ్రామములకు వచ్చుచుండిరి.

నాయనమ్మ ముఖముమీద మచ్చలు కలవు. ఆమె బాల్యమున మశూచి సోకి బ్రదికినది. ఆమె తమ్ముడు బ్రదుకలేదు. 1974వ సంవత్సరమున మన దేశమందు సుమారు 1,88,000 మందికి మశూచి సోకెను. మరుసటి యేడు మే మాసముతో ఆ వ్యాధి దేశమునుండి తొలగెను. ఇంటింటికి దిరిగి రోగిని కనుగొని, చుట్టుపట్ల వారికందరికి టీకాలు వేసిన వేలకొలది కార్యకర్తల శ్రమయే అందులకు గారణము. 1977లో భారతదేశమును, 1980లో ప్రపంచమంతయు మశూచిరహితమని ప్రకటింపబడెను. కాని ముఖముమీద మచ్చ లుండగా ప్రకటనలు నమ్ముట సులభము కాదు.

“బౌమా, ఇంట చేప వండకుము. నూనె పొంగించకుము. అమ్మ వచ్చియున్నది” అని అత్త కోడలితో ననెను. వంగదేశమున కోడలిని ‘బౌమా’ యని పిలుతురు.

కోడలు ఎదురాడలేదు. వేపరెమ్మలు తెచ్చి పక్కమీద పరచినది. కాని గట్టుకు వారమున కొకమారు వచ్చు ఆశా కార్యకర్తకు, అందరు ‘దిది’ యని పిలుచు ఆమెకు, కబురు పంపినది. దిది పిల్లను చూచి ఇది ఆటలమ్మ యనియు, సాధారణముగా పిల్లలయందు దానంతటదే తగ్గుననియు చెప్పెను. గోళ్ళు కత్తిరించవలెను, గీరికొనిన పుండ్లగును. జ్వరమునకు పారాసిటమాలు చాలును, ఆస్పిరిను బిళ్ళ ఈయరాదు. పొక్కులన్నియు ఎండి పొలుసు గట్టువరకు బడికి పంపరాదు; పసికందులకు, గర్భిణీ స్త్రీలకు దూరముగా నుంచవలెను. ఊపిరి ఆడకున్నను, పిల్ల మత్తుగా పడియున్నను ఆస్పత్రికి తీసికొనిపోవలెను. వేపాకులవలన కీడు లేదు, ఉంచుకొనవచ్చును. చేప మానుటవలన మాత్రము లాభము లేదు. రోగము పట్టిన దేహమునకు మాంసకృత్తులు మరింత అవసరము. ఈ చివరి మాట నాయనమ్మకు రుచింపలేదు. తుదకు పప్పును, మునగపూవు కూరయు, లేతవేపాకుతో వేచిన వంకాయయు వండుటకు రాజీ కుదిరినది. ఫాల్గుణ చైత్రములలో వంగదేశీయులు మునగపూవును, లేతవేపాకును మందుగా భావించి తిందురు. మన ఉగాదినాటి వేపపూవు వంటిదే యిది. మందో కాదో గాని మంచి కూరలే.

పది దినములకు పిల్ల లేచి తిరిగెను. నాయనమ్మ శీతలకు మ్రొక్కు చెల్లించెను. ఇల్లంతయు భయపడిన రోగము ఆ విధముగా, పెద్ద కీడు చేయకయే, వెడలిపోయెను.

ఎవరును భయపడని రోగము చైత్రమున వచ్చినది.

దోసతీగలు అపుడు విరివిగా కాయుచుండెను. క్రొత్త రైతునకు మొదటి కాపు ఎట్టి ఉత్సాహమును గలిగించునో వేరుగ చెప్పనక్కరలేదు. రెండు జాముల రాత్రి మిగిలియుండగనే భార్యాభర్తలు లాంతరు వెలుతురున కాయలు కోసి, గంపలకెత్తి, ఝీల్ నీటిలో రెండు మార్లు ముంచి తీయుదురు. ముంచిన కాయ మెరయును, బరువును నిలుచును. గంపకు తడి గోనె కప్పి సైకిలుమీద సంతకు తీసికొనిపోయిన, టోకు వర్తకుడు కాయను చూచి ధర కట్టును. వాడిన కాయకు సగము ధర. గట్టుమీద అందరు చేయునట్లే వారును చేసిరి. ఇందు మోస మేమియు లేదు. ఇతరులనుండి నేర్చుకొనిన పని.

ఆ నీరే మళ్ళకు పోసిన నీరు. భేరీలో వారముల తరబడి ఎండకు నిలిచిన నీరు వేరు. మురుగు క్రొత్తగా వచ్చి చేరుచుండు ఝీల్ నీరు వేరు. రెంటిని ఒకటిగా దలచుటయే ప్రమాదము. చిన్నవాడు అరుగుమీద గంప ప్రక్కన కూర్చుండి ఒక దోసకాయను కొరికెను. పచ్చిది, తొక్క తీయనిది. ఎవరును గమనింపలేదు, గమనించినను వారింపకయుందురు. తోటలో పండినదానిని పిల్లవాడు తినుట చూచి సంతోషింపని తల్లిదండ్రు లెవరు?

మరునాటి సాయంకాలము పిల్లవానికి వాంతి యాయెను. రాత్రి తొమ్మిదికి మూడు, అర్ధరాత్రికి ఏడు విరేచనము లాయెను. నీళ్ళవంటి విరేచనములు. వాడు నీటికై ఏడ్చుచుండ, నాయనమ్మ వారించెను. “కడుపు చెడినపుడు నీరు పోసినచో మరింత పోవును, బౌమా. కడుపునకు విశ్రాంతి నిమ్ము.” ఆమె దురుద్దేశముతో చెప్పలేదు. ఆమె తల్లియు, ఆ తల్లి తల్లియు ఇట్లే చెప్పియుందురు. వంగదేశమున మాత్రమే కాదు, తెలుగు గ్రామములలోను విరేచనములకు లంకణమే ప్రథమ చికిత్సగా నిన్న మొన్నటివరకు చెల్లినది.

ఈ యిల్లున్న చోటికి కొద్ది దూరముననే బెలియాఘాట కలదు. 1884వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, అనగా వసంతారంభమునందే, రాబర్టు కాఖ్ అను జర్మను వైద్యుడు ఆ ప్రాంతపు చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొనెను. ఆ చెరువు చుట్టునున్న గుడిసెలవారు ఆ నీటిలోనే స్నానము చేసిరి, గుడ్డలు ఉతికిరి, ఆ నీటినే త్రాగిరి. ఆ క్రిమి మనుష్యు నెట్లు చంపునో తెలిసికొనుటకు మరి డెబ్బదియైదేండ్లు పట్టినది. 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ డే, క్రిమి విడుచు విషము ప్రేగులోనికి నీటిని రప్పించునని నిరూపించెను. రోగి క్రిమివలన గాక, నీరును లవణములును కోల్పోవుటవలన మరణించును. పోయినదానిని తిరిగి పోసినచో బ్రదుకును. ఇంత చిన్న సంగతి!

చిన్నదే గాని, దానిని సామాన్య ప్రజలయందు ఆచరించి చూపినది 1971లో. తూర్పు బెంగాలు యుద్ధమునకు వెఱచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినపుడు, బనగాఁ శిబిరమున కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు ద్రావకము అయిపోవచ్చెను. ఆస్పత్రి నేలమీద రోగులు పరుండియుండిరి. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లములను కలకత్తాలో కట్టించి, డ్రమ్ములలో కలిపి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో త్రాగించెను. నూటికి ముప్పదిమంది వరకు మరణించుచుండిన చోట మరణములు నూటికి నాలుగింటికి లోపుగా తగ్గెను. ఆయన 2022లో మరణించెను. చక్కెర జాతి పదార్థము ప్రేగుగోడలగుండ ఉప్పును తనతో గొనిపోవును, ఉప్పు నీటిని గొనిపోవును. విరేచనము లగుచున్నపుడును ఈ మార్గము మూతపడదు. నాయనమ్మ భయమునకు శాస్త్రమిచ్చు సమాధాన మిదియే.

కోడలికి శాస్త్రము తెలియదు. దిది క్రిందటి మాసమున ఇచ్చిపోయిన ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు బియ్యపు డబ్బాలో ఉన్నవని మాత్రము జ్ఞప్తికి వచ్చినది. యజమాని తొందరలో ఒక గ్లాసు నీటిలో పొట్లమంతయు వేయబోయెను. ఆమె చేయి పట్టుకొని ఆపినది. ఇది గొప్ప మేలు. తక్కువ నీటిలో కలిపిన ద్రావకమున ఉప్పు అధికమై పిల్లవానికి హాని కలుగును. పొట్లమంతయు ఒక లీటరు త్రాగునీటిలోనే కలుపవలెను. కలిపినదానిని ఇరువదినాలుగు గంటలకు మించి ఉంచరాదు. పొట్లము లేని యింట లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఈయవచ్చును. చెంచా యనగా టీ చెంచా. రెండేండ్లు దాటిన బిడ్డకు ప్రతి విరేచనము తరువాత నూరు మొదలు రెండువందల మిల్లీలీటర్లు, అనగా అరగ్లాసు మొదలు గ్లాసు వరకు. అంతకు చిన్న బిడ్డకు అందులో సగము. తల్లి చెంచాతో పోసినది. వాడు కక్కెను. పది నిమిషము లాగి మరల పోసినది, మరింత మెల్లగా.

యజమాని సైకిలు సిద్ధము చేసికొని వాకిట కూర్చుండెను. కన్నులు గుంటలు పడినను, పొట్టమీది చర్మమును పట్టి విడిచిన మెల్లగా సర్దుకొనుచున్నను, బిడ్డ త్రాగలేక సోలిపోయినను, మలమున నెత్తురు కనిపించినను ఇంట నుంచుకొనరాదని దిది చెప్పియుండెను. రెండుమార్లు ఆమె చర్మమును పట్టి చూచినది. నాలుగు గంటల వేళ పిల్లవాడు మూత్రము విడిచెను. ఆ యింట ఆ రాత్రి అంతకంటె శుభవార్త లేదు.

తెల్లవారినది. రెండు గంపల దోసకాయలు అట్లే ఉండిపోయెను. ఆ నాటి ధర పోయినది. మరునాడు వాడిన సరకునకు సగమే వచ్చినది. క్రొత్త సేద్యములో అది చిన్న నష్టము కాదు. విత్తనపు అప్పునకు కట్టవలసిన కంతు ఆ సొమ్మే.

దిది వచ్చి, జింకు బిళ్ళలు పదునాలుగు దినములు ఈయవలెనని, విరేచనములు ఆగినను మానరాదని చెప్పినది. పాలును, మెత్తని అన్నమును ఆపవద్దనినది. ఆ తరువాత ఏమి తినెనని యడిగినది. దోసకాయయే కారణమని నిశ్చయించుటకు పరీక్ష యేదియు జరుగలేదు. ఈగలు కావచ్చును, చేతులు కావచ్చును. కాని గంప ఝీల్‌లో మునుగుట చూచిన వారికి మరియొక కారణము వెదకవలసిన అవసరము తోచదు. ఆ కాయనే నగరములో ఎవరో కొని, తొక్కతోనే ముక్కలు కోసి, ఉప్పు కారము చల్లుకొని తిందురు.

మురుగునీటి సేద్యమును మానుడని చెప్పుట సులభము. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పచ్చిగా దినెడి కూరలకు వాడు నీటిలో నూరు మిల్లీలీటర్లకు వేయికి మించి మలక్రిములుండరాదని, లీటరునకు ఒకటికి మించి ఏలికపాముల గ్రుడ్లుండరాదని నియమించెను. బాల్చీతో నీరు పోయువాడు దానిని లెక్కించుట యెట్లు? అదే సంస్థ 2006లో దృష్టిని మార్చి, మడినుండి వంటయింటివరకు గల ప్రతి మెట్టునందును కొంత కొంత అడ్డుకట్ట వేయు మార్గమును సూచించెను. నీటిని మొక్క మొదట పోయుట, కాయలమీద పోయకుండుట, కోతకు కొన్ని దినములు ముందుగా మురుగునీరు ఆపుట, ఎండకు క్రిములు చచ్చుటకు వ్యవధి నిచ్చుట, కోసినదానిని మంచినీటితో కడుగుట, తొక్క తీయుట, వండుట. ఒక్కటియు సంపూర్ణమైనది కాదు. అన్నియు కూడిన చాలవరకు కాపాడును.

ఆ యింటివారు ముందుగా మార్చినది ఒక్కటే: గంపలు ఝీల్‌లో ముంచుట మానిరి. బోరింగు నీటితో కడుగవలెనన్న రాత్రి మరి గంటసేపు కొట్టవలెను. ఆ గంట భార్య నిద్రనుండి పోయినది, దానిని దాచిపెట్టరాదు. ప్రక్క మడివారు నవ్విరి. దోసతీగలను వెదురు పందిరి కెక్కించిరి. కాయ నేలను తాకదు. ఈ రెండవ పని వలన కాయ నిటారుగా పెరిగి, ధర కొంచెము హెచ్చినది. ఇది ఎవరును ఊహింపని లాభము.

బోరింగు నీటి విషయమున మరియొక మాట. గంగా మైదానపు భూగర్భజలమున కొన్నిచోట్ల పాషాణము, అనగా ఆర్సెనిక్, కలదు. పశ్చిమ బెంగాలులో దాని రోగులు మొదట 1983లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ విద్యాలయపు వైద్యులచే గుర్తింపబడిరి. అది రుచికి తెలియదు, వాసనకు తెలియదు. కాచినను పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడును. కావున క్రొత్తగా ఒక చోట కాపురము పెట్టువారు బోరింగు నీటిని పరీక్షింపజేసికొనుట విత్తనము కొనుటకంటె ముందు చేయవలసిన పని. ఈ కుటుంబము ఆ పని తరువాత చేసినది. నీరు మంచిదని తేలుట వారి యదృష్టము.

పాదముల మాట. కొంకిపురుగుల పిల్లలు తడిమట్టినుండి పాదచర్మమును తొలిచికొని దేహమున బ్రవేశించి, ప్రేగున నిలిచి నెత్తురు పీల్చును. రబ్బరు బూట్లు తొడుగుకొనుడని కరపత్రములలో వ్రాయుట ఆచారము. నడుములోతు నీటిలో వల లాగువాడు బూట్లతో నెట్లు నిలుచును? వ్రాసినవారు ఒకమారు దిగి చూచిన బాగుండును. చేయదగినది వేరు: గట్టుమీదను, మళ్ళలోను, మరుగుదొడ్డికి పోవునపుడును చెప్పులు వేసికొనుట, నీటినుండి వెలికి రాగనే సబ్బుతో పాదములు కడుగుట, పుండున్నపుడు దిగకుండుట. 2015 నుండి ఫిబ్రవరి మాసమున జరుపు నులిపురుగుల నిర్మూలన దినమునాడు బడిలో ఇచ్చు ఆల్బెండజోలు బిళ్ళను కూతురు మ్రింగినది. కోడలికి నెత్తురు తక్కువని తేలగా దిది ఇనుప మాత్రలు వ్రాయించినది. వంటయింట అత్త తన పాత కత్తిపీటమీదనే చేపను, కూరను కోయుచుండెను. వంగదేశమున దానిని ‘బొంటి’ యందురు. చేప కడుపు తీసిన బొంటిని కడుగక దోసకాయ తరుగరాదని కోడలు చెప్పగా, “ఇన్నేండ్లు ఎవరు చచ్చిరి?” అని అత్త గొణిగినది. మరునాడు మాత్రము కూరను ముందు తరిగి, చేపను తరువాత కోసినది.

చైత్రాంతమున ఒకనాటి సాయంకాలము వాయవ్యమునుండి కాలవైశాఖి వచ్చినది. దుమ్ము లేచి, ఆకాశము నల్లనై, అరగంటసేపు వడగండ్లతో వాన కొట్టినది. వంకాయ మొక్కలు కొన్ని పడిపోయినవి. పందిరి నిలిచినది. ఆ రాత్రి గాలి చల్లబడగా పిల్లలు చాలదినములకు గాఢనిద్ర పోయిరి.

తెల్లవారుజామున చేపపిల్లల వర్తకుడు వచ్చెను. వంగదేశమున చేపపిల్లలను అల్యూమినియపు కుండలలో తెత్తురు. ప్రయాణమంతయు మోయువాడు నీటిని అరచేతితో తట్టుచునే యుండును, లేనిచో గాలి చాలక పిల్లలు చచ్చును. ఝీల్‌లో క్రొత్త మురుగు వచ్చు మూతిని యజమాని వారము ముందే వెదురు తడికతోను మట్టితోను మూసియుంచెను. నీరు ఇపుడు పచ్చగా నున్నది. నాలుగు చేపలను ముందు విడిచి, రాత్రియంతయు బ్రదికియున్నవని చూచిన పిమ్మటనే ఆతడు కుండను నీటిమీద వంచెను. కూతురు లెక్కింపబోయి, ఎనుబది దాటిన తరువాత మానివేసినది. చిన్నవాడు నాయనమ్మ చంకనెక్కి, కాళ్ళకు క్రొత్త చెప్పులతో, నీటిలోనికి దిగుటకై పెనుగులాడుచుండెను. ఆమె విడువలేదు.